గేరు లివరుకు చుట్టిన తాడు

షార్జా,
శుక్రవారం.

అక్క రమణమ్మకు తమ్ముడు శీనయ్య దండాలు పెట్టి రాసుకుంటున్నది. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. అక్కడ నువ్వు, పెంచలయ్య బావ, మీ అత్తగారు, మన మల్లి అందరూ సుఖంగా ఉన్నారని తలుస్తున్నాను. ఊరికే మర్యాదకు అడగడం లేదక్కా. ఎప్పుడూ గీకి పారేసే ఈ ఒక్క ముక్క రాయడానికి ఈసారి పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నువ్వు ఇది చదివేసరికి మీరంతా క్షేమంగా ఉండాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

ఈ ఉత్తరమూ సంచీ మన మస్తానన్న తెస్తున్నాడు. ఆయనకు సెలవు దొరికింది. చెన్నైలో విమానం దిగి, బస్సెక్కి నెల్లూరు వచ్చి, సొంత ఇంటికి కూడా పోకుండా ముందు మీ గడప తొక్కుతానని నాకు మాట ఇచ్చాడు. సంచీలో ఖర్జూరాలు ఉన్నాయి. మీ అత్తగారి మోకాళ్ళకు నొప్పుల మందు ఉంది. మల్లికి గౌను కొన్నాను, కాస్త పెద్దదే, పెరిగే పిల్ల కదా అని. అడుగున నీలం తువ్వాలులో చుట్టిన బరువైన సామాను మీ కారుకి గేరు లివరు సెట్టు. పాతదే, కానీ నిక్షేపంగా ఉంది. దాన్ని బావ చేతికిచ్చి నీ పనిలో నువ్వు పడిపోవద్దు. ఆయన తీసుకుపోయి వలల కొట్లో పడేస్తాడు. వచ్చే ఏడు నేను వచ్చి చూసినా అక్కడే తుప్పు పట్టి ఉంటుంది.

ఫోనులో చెప్పక ఉత్తరం ఎందుకు రాశావు అంటావని తెలుసు. మీ ఇంట్లో ఫోను మోగితే స్పీకరు పెట్టి మంచం మీద పెడతారు. నేను చెప్పేది నీకంటే ముందు బావ వింటాడు, పక్కింటివాళ్ళు వింటారు. మొన్న నేను పంపిన వాయిస్ మెసేజిని బావ రొయ్యల గుంటల దగ్గర పనివాళ్ళందరికీ వినిపించి నవ్వించాడట కదా. నవ్వు నాలుగు విధాల చేటు అని అమ్మ ఊరికే అనేది కాదు. అందుకే రాస్తున్నాను. ఇది నువ్వొక్కదానివే, తలుపు దగ్గరికి వేసుకుని చదువు.

నా సంగతులు ముందు చెప్పేస్తాను. పని మామూలే. పాత కార్లు, గుద్దుకున్న కార్లు మా యార్డుకి వస్తాయి. మేము వాటిని విప్పి, పనికొచ్చే సామాను పనికొచ్చినట్టు వేరుచేసి, మిగతాది ఇనుముకి తోలేస్తాం. ఎండ చెప్పలేను. ఇక్కడా పక్కనే సముద్రం ఉంది గానీ మైపాడు గాలిలాంటి గాలి ఒక్క పూట కూడా లేదు. ఉక్క పోసి చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. మధ్యాహ్నం బయట పని చేయనివ్వరు కనుక ఆ వేళకి ఎవరో ఒకరు విప్పని కారులో సీటు వాల్చుకుని కునుకు తీస్తారు. నేను మాత్రం రేకు నీడన గోనెపట్టా పరుచుకుని పడుకుంటాను. ఎవరు కూర్చున్న సీటో, వాళ్ళు ఏమయ్యారో, నాకు నిద్ర పట్టదు.

తిండికి లోటు లేదు. రూములో వంట చేసేది కేరళ ఆయన. చేపలు వండుతాడు, కొబ్బరి వేసి. తినొచ్చు. కానీ మామిడికాయ పడని పులుసు పులుసేనా అక్కా? ఆదివారం పూట మాత్రం ఇల్లు మరీ గుర్తొస్తుంది. అందరూ ఫోన్లు పట్టుకుని తలా ఒక మూలకి పోతారు. నేనూ ఒక మూలకి పోయి మీ వీడియోలు చూసుకుంటాను. అట్లా చూస్తూ ఉండగానే ఈ గొడవ మొదలైంది.

పోలేరమ్మ తిరునాళ్ళు అయిపోయాక నువ్వు పంపిన వీడియో గురించి చెబుతున్నాను. కారు మీ రొయ్యల గుంటల కట్ట మీద ఉంది. బావ కిందికి దిగి నీళ్ళు చిలికే యంత్రాలు చూసుకుంటున్నాడు. ఏసీ పోకుండా ఇంజను ఆన్‌లోనే ఉంది, ఆ చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. వెనక సీట్లో మీ అత్తగారు. డ్రైవరు సీట్లో మన మల్లి నిలబడి ఉంది. నువ్వు బయట నుంచి కిటికీలోంచి తీస్తున్నావు.

"ఏమ్మే మల్లీ, బండి తోలతావా? మైపాడు పోదామా?" అన్నావు.

మల్లి గేరు లివరుకు నువ్వు కట్టిన అమ్మవారి తాడు పట్టుకుంది. దానికి గజ్జెలు కూడా కట్టావు గదా, పిల్లకి అదొక ఆట. గలగలలాడించి లాగింది. లివరు వెన్నలో చెంచాలాగా జారి ఒక గడి కిందికి వచ్చింది. కారు వెనక్కి ఒక్క ఊపు ఊగింది. నీ చేతిలో ఫోను అదిరింది. మీ అత్తగారు పైట నోటికి అడ్డం పెట్టుకుని, "అబ్బ, అమ్మవారు పూనినట్టు ఊగిందే బండి!" అని నవ్వింది. నువ్వూ నవ్వావు. బావ పైకి వచ్చి మళ్ళీ లివరు ముందుకి తోసేసి, ఆయనా నవ్వాడు.

మొదటిసారి చూసినప్పుడు నేను కూడా నవ్వాను. రెండోసారి చూస్తున్నప్పుడు నవ్వు రాలేదు. వీడియోని ఆపి పెద్దది చేసుకుని చూశాను. వెనక చక్రం కింద ఎండిన మట్టిగడ్డ ఒకటి అడ్డం ఉంది, అందుకని ఆగింది. కారు పక్క అద్దంలో వెనక ఏముందో కనిపిస్తోంది. కట్ట అక్కడే మలుపు తిరిగిపోయింది. అద్దం నిండా నీళ్ళే ఉన్నాయి. నువ్వూ ఒకసారి ఆపి చూడు అక్కా.

ఇప్పుడు ఆ లివరు సంగతి నీకు అర్థమయ్యేట్టు చెబుతాను. ఇది ఆటోమేటిక్ బండి, క్లచ్చు ఉండదు. ఇంజను నడుస్తుంటే, లివరు పి దగ్గర ఉంటేనే బండి కట్టేసినట్టు. అక్కడినుంచి ఒక్క గడి జారితే ఆర్. ఆర్ అంటే వెనక్కి. ఎవరూ తొక్కక్కర్లేదు, దానంతట అదే పాకుతూ పోతుంది. అట్లా జారకుండా దానికి ఇద్దరు కాపలా. ఒకటి, లివరు పక్కన బొటనవేలి దగ్గర ఉండే బొత్తాం. అది నొక్కితేనే లోపలి ముల్లు గాడిలోంచి లేస్తుంది. రెండోది కింద ఉండే చిన్న తాళం. బ్రేకు తొక్కితే గానీ అది వదలదు. పిల్లలు లాగినా కదలకుండా ఉండటానికే వీటిని పెట్టారు.

మీ బండికి ముందు ఆ కింది తాళం చెడింది. లివరు కదలడం లేదని రోడ్డు మీది మెకానిక్కు ఎవరికో చూపిస్తే, ఆ మహానుభావుడు తాళాన్ని పూర్తిగా పీకేశాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. తర్వాత బొత్తాం లోపలి స్ప్రింగు విరిగి అడ్డం పడింది, నొక్కాలంటే చాలా గట్టిగా ఉందన్నారు. అప్పుడు బావ ఏం చేశాడు? బొత్తాన్ని లోపలికి నొక్కిపట్టి, వల అల్లే నైలాను తాడుతో చుట్టేశాడు. దాని మీద నువ్వు అమ్మవారి తాడు చుట్టి ముడి వేశావు. అంటే ఆ బొత్తాం పగలూ రాత్రీ నొక్కే ఉంది. ఇద్దరు కాపలావాళ్ళలో ఒకడిని పంపించేశారు, రెండోవాడి నోరు కట్టేశారు.

ఇదే మాట బావకి ఫోనులో చెప్పాను. ఆయన ఏమన్నాడో నువ్వూ విన్నావు.

"రేయ్ శీనయ్యా, ఆడ ఎండలో నీ బుర్ర వేడెక్కినట్టుండాది. చుక్కాని కట్టేస్తే పడవ నిలకడగా ఉంటదా ఉండదా? లంగరు తాడు బిగిస్తే నిలబడతదా లేదా? మా నాయన కాడినుంచి తాళ్ళ మీదనే బతికినాం. కట్టింది యాడికి పోతాదిరా?"

బావ మీద నాకు కోపం లేదక్కా. ఆయన చెప్పింది పడవకి నిజం. గాలివానలో తాడు బిగించి ఎంతమందిని ఒడ్డుకి చేర్చాడో నాకు తెలుసు, నేనూ ఆ పడవలో ఉన్నాను. కానీ ఇది పడవ కాదు. పడవలో కట్టేస్తే ఆగుతుంది. ఇక్కడ కట్టేస్తే వదిలేసినట్టు. ఇంత చిన్న తేడా ఆయనకి నా నోటితో చెప్పలేకపోతున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది.

పోనీ నువ్వైనా ఆ తాడు విప్పు అన్నాను. నువ్వేమో, "అమ్మవారి తాడు మనం విప్పకూడదు శీనా, దానంతట అది తెగిపోవాల. గమ్మునుండు, అపశకునం మాటలు మాట్లాడబాక" అన్నావు. పోనీ కొన్నాళ్ళు బండి తీయకండి అన్నాను. "రొయ్య పట్టుబడికి వచ్చిందిరా, బండి లేకుండా ఎట్టా?" అన్నాడు బావ. అందుకే సామాను వెతకడం మొదలుపెట్టాను.

మీ బండి పాత మోడలు. కొత్త సెట్టు ఏ దుకాణంలోనూ లేదు. పనయ్యాక రోజూ పక్క యార్డులన్నీ తిరిగాను. ఒకచోట ఉంది గానీ బొత్తాం విరిగింది, ఇంకోచోట లివరే వంగింది. చివరికి మా యార్డుకే ఒక బండి వచ్చింది. అచ్చం మీ బండే, రంగు కూడా అదే తెలుపు.

ఇక్కడినుంచి రాయాలా వద్దా అని రెండు మూడు రోజులు ఆలోచించానక్కా. మస్తానన్న కూడా, "రాయబాకరా, ఆడమనిషి భయపడతాది, సామాను చెరువులో పారేస్తాది" అన్నాడు. కానీ రాయకపోతే నీకు ఇది ఉత్త ఇనపముక్కే. రేపు చూద్దాం, ఎల్లుండి బిగిద్దాం అని కొట్లో పడి ఉంటుంది. భయపడితే భయపడు. నేను ఎంత భయపడుతున్నానో నీకు తెలియాలి.

ఆ బండికి ఎక్కడా సొట్ట లేదు. మా దగ్గరికి వచ్చేవి ముందో వెనకో నుజ్జయి వస్తాయి. ఇది కడిగి తెచ్చినట్టుంది. ఇంత మంచి బండి ఇనుముకి ఎందుకిచ్చారని అడిగితే మా మేస్త్రీ, విప్పమంటే విప్పు, అన్నాడు. నేను లివరు చుట్టూ మరలు విప్పుతుంటే ఒకాయన వచ్చి కాస్త దూరంలో నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో ఆఫీసు కార్డు. ఆ బండి ఆయనదేనట. తమిళంలో మాట్లాడాడు. మనకి తడ దాటితే అదే భాష కదా, నాకు తెలుస్తుంది.

"దీన్ని ముక్కలు చేస్తారా, మళ్ళీ ఎవరికైనా నడపడానికి ఇస్తారా?" అని అడిగాడు.

ముక్కలే సార్, అన్నాను. తలూపాడు. కానీ నేను లివరు సెట్టు బయటికి తీసి తువ్వాలులో చుట్టుకుంటుంటే ముఖం మారిపోయింది. గబగబా దగ్గరికి వచ్చాడు.

"అది ఎక్కడికి తీసుకుపోతున్నావు? ఇందులోది ఒక్క మర కూడా ఇంకో బండిలో ఉండకూడదు. నేను అందుకే ఇక్కడికి ఇచ్చాను" అని గట్టిగా అరిచాడు. నా చేతిలోది లాక్కోబోయాడు.

ఫోను తీసి మీ వీడియో చూపించాను. మా మేనకోడలు సార్, అన్నాను. ఆయన చూశాడు. మల్లి గజ్జెలు లాగడం, బండి ఊగడం, మీ అత్తగారు నవ్వడం. ఆ వీడియో నేను రూములో అందరికీ చూపించాను అక్కా, యార్డులోనూ చూపించాను. నవ్వనివాడు లేడు. ఈయన ఒక్కడే నవ్వలేదు. అది అయిపోయాక మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ చూసి అక్కడే నేల మీద, నూనె మరకల్లో, ఇస్త్రీ బట్టలతో కూర్చుండిపోయాడు.

అప్పుడు చెప్పాడు. ఇంటి ముందు గేటు తీయడానికి దిగాడట. ఎండగా ఉందని, పిల్లవాడికి ఉక్క పోస్తుందని ఇంజను ఆపలేదు. పి లో పెట్టాననే అనుకున్నాడు. తొందరలో లివరు ఆర్ దగ్గరే ఆగింది. బండి మెల్లగా వెనక్కి పాకుతుండగానే కొడుకు నాన్నా అంటూ వెనక తలుపు తీసుకుని దిగాడు. గేటు తీసి ఇటు తిరిగేంతసేపే పట్టిందట.

"బండిలో ఏ లోపమూ లేదు. లోపం అంతా నాదే" అన్నాడు. నా చేతిలోంచి లివరు తీసుకుని బొత్తాన్ని బొటనవేలితో నొక్కి చూశాడు, వదిలి చూశాడు. చాలాసార్లు అట్లాగే చేశాడు. ప్రతిసారీ టక్కుమని ముల్లు గాడిలో పడుతోంది. తర్వాత దాన్ని నా చేతిలో పెట్టి, "పంపించు. తొందరగా పంపించు" అన్నాడు. పోతూ పోతూ నా ఫోను నంబరు రాసుకున్నాడు.

ఇదక్కా సంగతి. చనిపోయిన బిడ్డ బండి సామాను మన ఇంటికా అని నీ గుండె గుభేలుమంటుందని తెలుసు. నాకూ అన్నది. రాత్రంతా దాన్ని మంచం కింద పెట్టుకుని ఒక్కసారి కూడా చెయ్యి వేయలేదు. కానీ ఆ తండ్రి కాదనకుండా ఇచ్చాడు. నువ్వు కాదంటే ఆయనకి నేనేం చెప్పను? కావాలంటే పసుపునీళ్ళు చల్లు, నిమ్మకాయ కోయి, ఎర్రనీళ్ళు దిష్టి తీసి నడిరోడ్డున పారబోయి. ఏమైనా చేసుకో, బిగించడం మాత్రం మానొద్దు. బావకి ఈ కథ చెప్పాలో వద్దో నీ ఇష్టం. చెబితే భయపడి పారేస్తాడనుకుంటే చెప్పకు. చెబితేనే కదులుతాడనుకుంటే ఈ కాగితం ఆయన చేతికే ఇవ్వు.

మెకానిక్కు దగ్గరికి నువ్వు కూడా వెళ్ళు. కింది తాళం కూడా ఇందులో ఉంది, అది ఎందుకు అంటే ఒప్పుకోవద్దు, అదీ పెట్టమను. పెట్టాక బ్రేకు తొక్కకుండా లివరు లాగి చూడు. కదిలితే అక్కడినుంచి లేవొద్దు. అమ్మవారి తాడు మళ్ళీ లివరుకు కట్టొద్దు. తెంచకుండా జాగ్రత్తగా విప్పి మల్లి చేతికి కట్టు. అమ్మవారు కాపాడాల్సింది పిల్లని కదా, ఇనుముని కాదు కదా. తప్పైతే ఆ పాపం నాది, వచ్చినప్పుడు పొంగళ్ళు పెట్టి నేనే మొక్కు తీర్చుకుంటాను. ఇంకో మాట. మనుషులు బండిలో ఉన్నప్పుడు ఇంజను ఆపకుండా బావ దిగితే, అది ఒక్క నిమిషమే అయినా, నువ్వు అరిచి గోల చెయ్యి. ఊరు నవ్వితే నవ్వనీ. ఉక్క పోస్తే పిల్ల ఏడుస్తుంది, అంతే కదా.

మిగతా సంగతులు. నాకు ఇంక్రిమెంటు వేస్తామన్నారు, వేశాక నమ్ముతాను. వెన్నునొప్పి తగ్గింది, దిగులుపడొద్దు. మస్తానన్న తిరిగి వచ్చేటప్పుడు ఎండు మెత్తళ్ళు కొంచెం పంపు. వాసన రాకుండా గట్టిగా కట్టు, పోయినసారి ఆయన బట్టలన్నీ కంపు కొట్టి నన్ను తిట్టాడు. కుదిరితే ఆవకాయ కూడా. పట్టుబడి బాగా వచ్చిందా, కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయో, కౌంటు ఎంత పడిందో రాయి. మీ అత్తగారికి నా దండాలు చెప్పు. నవ్వినందుకు ఆమెను ఏమీ అనొద్దు, పెద్దావిడ. బావకి నా నమస్కారాలు. ఆయన మీద నేను కోపంగా లేనని రెండుసార్లు చెప్పు. మల్లికి ముద్దులు. నీ దీవెన ఉంటే ఇక్కడ నాకు ఏ కష్టమూ లేదు.

ఉత్తరం ఇక్కడితో ముగిద్దామనుకున్నాను. మస్తానన్న సంచీ కోసం వచ్చి మంచం మీద కూర్చున్నాడు. ఇంతలో ఆ తమిళాయన ఫోను చేశాడు. ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం చేస్తున్నాడు. పలకరింపులు ఏమీ ఉండవు, సామాను పోయిందా అని ఒక్కటే అడుగుతాడు. ఇంకా లేదు సార్ అంటే పెట్టేస్తాడు. ఇవాళ నేను సంతోషంగానే చెప్పాను. మనిషి దొరికాడు సార్, రేపు పొద్దున విమానం, ఎల్లుండికల్లా మా అక్క చేతిలో ఉంటుంది, అన్నాను.

ఈసారి ఆయన ఫోను పెట్టేయలేదు.

"ఎల్లుండి దాకానా?" అన్నాడు.

ఇట్లు,
నీ తమ్ముడు
శీనయ్య